ఆన్‌లైన్ గోల్ఫ్ ఆటలలో సమ ఉజ్జీ పోటీ

ఆన్‌లైన్ గోల్ఫ్ ఆటలలో సమ ఉజ్జీ పోటీ అనగా కంప్యూటరు, గేమ్ కన్సోలు లేదా మొబైల్ ఫోను ద్వారా గోల్ఫ్ ఆడేవారికి తమ నైపుణ్యానికి దగ్గరగా ఉన్న ప్రత్యర్థి లభించే పద్ధతి. మైదానంలో ఆడే గోల్ఫ్‌లో ఈ పనిని హ్యాండీక్యాప్ చేస్తుంది. ఆన్‌లైన్ ఆటలు ఎక్కువగా చదరంగం నుండి వచ్చిన రేటింగు పద్ధతిపై ఆధారపడతాయి. ఈ రెండూ ఒకటే అని చాలామంది అనుకుంటారు గాని, కాదు. హ్యాండీక్యాప్ స్కోరును సరిచేస్తుంది, రేటింగు ప్రత్యర్థిని ఎంచుతుంది.

నెల్లూరు జిల్లా పశ్చిమ భాగంలోని దుత్తలూరు, ఉదయగిరి, ఆత్మకూరు వంటి ఊళ్ళలో గోల్ఫ్ మైదానాలు లేవు. గోల్ఫ్ ఆడాలంటే చెన్నై, హైదరాబాదు, విశాఖపట్నం వంటి నగరాలకు పోవాలి, అక్కడ కూడా క్లబ్బు సభ్యత్వం సామాన్యునికి అందుబాటులో ఉండదు. కాబట్టి ఈ ప్రాంతపు విద్యార్థికి గోల్ఫ్ పరిచయమయ్యేది ఫోనులోనే. మొదటి పది ఆటలలోనూ తనకంటే ఎంతో బలవంతుల చేతిలో ఓడితే ఆ పరిచయం అక్కడితో ముగుస్తుంది.

ఉజ్జీ, ఉద్ది

ఉజ్జీ, ఉద్ది అనే మాటలకు జత, సమానుడు అని అర్థం. పల్లెలలో పిల్లలు చెడుగుడు ఆడేముందు సమాన బలం గల ఇద్దరిద్దరు జతలుగా పక్కకు వెళ్ళి, చెరొక రహస్యపు పేరు పెట్టుకొని వస్తారు. నాయకులిద్దరిలో ఒకరిని ఏ పేరు కావాలని అడుగుతారు. కోరిన పేరు గలవాడు ఆ జట్టులోకి, రెండవవాడు ఎదుటి జట్టులోకి పోతాడు. ఎవరు ఎవరికి ఉద్దో పిల్లలకు ముందే తెలుసు కనుక ఇది చక్కగా సాగుతుంది.

నెల్లూరు, ప్రకాశం, గుంటూరు ప్రాంతాల తిరునాళ్ళలో జరిగే బండలాగుడు పోటీలలో ఎద్దుల జతలను పాలపళ్ళు, రెండు పళ్ళు, నాలుగు పళ్ళు, ఆరు పళ్ళు అని పంటి లెక్కన విభజిస్తారు. నోరు తెరిచి చూస్తే విభాగం తేలిపోతుంది. ఆన్‌లైన్ ఆటలో ప్రత్యర్థి అపరిచితుడు, చూడడానికి పళ్ళు లేవు. అందుచేత ఒక అంకెను నమ్మవలసి వస్తుంది. అసలు సమస్య ఆ అంకె దేనిని కొలుస్తోంది అన్నదే.

హ్యాండీక్యాప్

వేర్వేరు దేశాలలో అమలులో ఉన్న ఆరు పద్ధతులను ఏకం చేసి, ఆర్ అండ్ ఏ, యునైటెడ్ స్టేట్స్ గోల్ఫ్ అసోసియేషన్ కలసి ప్రపంచ హ్యాండీక్యాప్ పద్ధతిని 2020లో ప్రవేశపెట్టాయి. ఆటగాని చివరి 20 స్కోర్లలో ఉత్తమమైన 8 తీసుకొని సగటు కడతారు. గరిష్ఠ పరిమితి 54.0. సగటు ఉత్తమ స్కోర్లకే కట్టడం వలన హ్యాండీక్యాప్ ఆటగాని మామూలు ఆటను కాక అతని సామర్థ్యాన్ని సూచిస్తుంది. చాలా రౌండ్లలో ఆటగాడు తన హ్యాండీక్యాప్ కంటే అధ్వాన్నంగానే ఆడతాడు.

మైదానం కష్టాన్ని స్లోప్ రేటింగు తెలుపుతుంది. ఇది 55 నుండి 155 వరకు ఉంటుంది, ప్రామాణిక విలువ 113. ఉదాహరణకు ఇండెక్సు 18.0 గల ఆటగాడు స్లోప్ 126, కోర్స్ రేటింగు 71.4, పార్ 72 గల మైదానంలో ఆడితే, 18ని 126తో హెచ్చించి 113తో భాగించి, దానికి 71.4, 72ల భేదాన్ని కలపాలి. ఫలితం 19.47, అనగా 19 స్ట్రోకులు. ఇతడు 7 స్ట్రోకుల ఆటగానితో మ్యాచ్ ప్లే ఆడితే, భేదం 12 కనుక కష్టమైన 12 హోల్స్‌లో ఒక్కొక్క స్ట్రోకు మినహాయింపు పొందుతాడు. బలవంతుడు, బలహీనుడు కలసి ఆడినా పోటీ నిలుస్తుంది. ఈ సౌకర్యం మరే ప్రసిద్ధ క్రీడలోనూ ఇంత చక్కగా అమరలేదు.

వృత్తి క్రీడాకారుల పోటీలలో హ్యాండీక్యాప్ ఉండదు. అమెరికాలో పుట్టిన తెలుగు సంతతి క్రీడాకారుడు సాహిత్ తీగల 2023లో గెలిచిన ఫోర్టినెట్ ఛాంపియన్‌షిప్ అటువంటిదే.

రేటింగు

హంగేరీలో జన్మించిన అమెరికన్ భౌతికశాస్త్ర ఆచార్యుడు అర్పాద్ ఎలో రూపొందించిన రేటింగును అంతర్జాతీయ చదరంగ సమాఖ్య 1970లో స్వీకరించింది. తెలుగు పాఠకులకు ఇది కోనేరు హంపి, హరికృష్ణల వార్తల ద్వారా పరిచితమే. వరంగల్లుకు చెందిన అర్జున్ ఎరిగైసి 2024 డిసెంబరు జాబితాలో 2800 దాటాడు.

ఇద్దరి మధ్య భేదం 200 అయితే బలవంతునికి దాదాపు 76 శాతం, 400 అయితే 91 శాతం ఫలితం ఆశించవచ్చును. మార్పు గుణకం 20 అనుకుంటే, సమానుని గెలిస్తే 10 పాయింట్లు, తనకంటే 200 ఎక్కువ ఉన్నవానిని గెలిస్తే 15 పాయింట్లు వస్తాయి. మార్క్ గ్లిక్‌మన్ రూపొందించిన గ్లికో, మైక్రోసాఫ్ట్ వారి ట్రూస్కిల్ పద్ధతులు దీనికి అనిశ్చితిని కూడా చేర్చాయి. కొత్త ఆటగాని అంకె వేగంగా మారుతుంది, పాతవాని అంకె నిదానంగా కదులుతుంది.

ఆటలలో అమలు

2008లో మొదలైన వరల్డ్ గోల్ఫ్ టూర్‌లో ఆటగాళ్ళను హ్యాక్, అమెచ్యూర్, ప్రో, టూర్ ప్రో, మాస్టర్ మొదలైన శ్రేణులుగా విభజించారు. పై శ్రేణికి పోయినకొద్దీ బంతిని మరింత దూరం నుండి కొట్టాలి. పీజీఏ టూర్ 2కె వరుసలోని ఆటలలో సొసైటీలు అనే ఏర్పాటు ఉంది. కొందరు కలసి ఒక సొసైటీ పెట్టుకొని, పోటీ నియమాలను తామే నిర్ణయించుకుంటారు. ఇది మన ఉద్దులకు అన్నిటికంటే దగ్గరైన పద్ధతి.

2017లో వచ్చిన గోల్ఫ్ క్లాష్ ఫోనులో ఇద్దరి మధ్య ఒకే హోల్‌పై జరిగే ఆట. ప్రవేశానికి ఆటలోని నాణేలు చెల్లించాలి, గెలిస్తే ట్రోఫీలు పెరుగుతాయి. కర్రలను కార్డుల ద్వారా బలపరచుకోవాలి, ఆ కార్డులు గల పెట్టెలను డబ్బుతో కూడా కొనవచ్చును. ఇక్కడ ట్రోఫీల అంకెలో చేతి నైపుణ్యం, కర్రల బలం కలిసిపోతాయి. నైపుణ్యం ఉండి కర్రలు లేనివాడు, కర్రలు ఉండి నైపుణ్యం లేనివాడు ఒకే అంకె వద్ద కలుసుకుంటారు. లెక్క ప్రకారం సమానమే, కాని ఓడినవాడు దానిని న్యాయమని ఒప్పుకోడు. ఒప్పుకోకపోవడం సబబే.

లోపాలు

బలహీనుల మధ్య గెలవడానికి కావాలని ఓడి అంకెను తగ్గించుకోవడాన్ని శాండ్‌బ్యాగింగ్ అంటారు. ఇది మైదానపు గోల్ఫ్‌లోనూ పాత జాడ్యమే. ప్రపంచ పద్ధతిలో ఎవరైనా తన ఇండెక్సు కంటే 7 లేదా అంతకంటే ఎక్కువ మెరుగైన స్కోరు సాధిస్తే దానిని అదనంగా 1 తగ్గిస్తారు, మెరుగుదల 10 లేదా అంతకు మించితే 2 తగ్గిస్తారు. ఆన్‌లైన్ ఆటలలో కొత్త ఖాతా తెరవడం తేలిక కనుక ఈ మోసాన్ని పట్టుకోవడం కష్టం.

ఆడేవారి సంఖ్య తక్కువైనపుడు సరైన జత దొరకదు. అపుడు యంత్రం వేచి ఉండే సమయం పెరిగేకొద్దీ అంకెల పరిధిని పెంచుతూ పోతుంది. అర్ధరాత్రి ఆడేవారికి విపరీతమైన ప్రత్యర్థులు ఎదురుకావడానికి ఇది ఒక కారణం. ఒకరి తరువాత ఒకరు కొట్టే ఆట కనుక నెట్ వేగం పెద్ద ఆటంకం కాదు. అయితే సూది కదలిక చూసి సరైన క్షణాన నొక్కవలసిన ఆటలలో తడబడే చవక ఫోను నష్టం కలిగిస్తుంది.

ఆటగాడు గమనించవలసినవి

ఒకే క్లిష్టతా స్థాయిలో, ఒకే టీ నుండి కనీసం ఇరవై రౌండ్లు ఆడి స్కోర్లు పుస్తకంలో వ్రాసుకుంటే తన స్థాయి ఆటగానికే తెలుస్తుంది. మొదటి అయిదారు ఆటల ఫలితాలను బట్టి అంకెను నమ్మరాదు. కర్రలు అందరికీ సమానంగా ఇచ్చే పోటీలు ఉంటే వాటినే ఎంచుకోవడం మేలు. దాదాపు సగం ఆటలు గెలుస్తూ ఉంటే జత సరిగా కుదిరినట్లే. ఎప్పుడూ గెలవాలనుకునేవారికి ఇది రుచించదు.

చట్టం

పందెంతో కూడిన ఆన్‌లైన్ ఆటలను తెలంగాణ 2017లోను, ఆంధ్రప్రదేశ్ 2020లోను నిషేధించాయి. 2025 ఆగస్టులో కేంద్రం చేసిన చట్టం, ఆట నైపుణ్యానిదైనా అదృష్టానిదైనా, డబ్బు గెలుపును ఆశగా చూపి డబ్బు కట్టించుకునే ఆన్‌లైన్ ఆటలను దేశమంతటా నిషేధించింది. ఈ-స్పోర్ట్స్‌కు, పందెం లేని ఆటలకు ఈ నిషేధం వర్తించదు.