సూక్ష్మజీవుల కోట

డెల్ఫ్ట్ నగరపు బట్టల వర్తకుడు లీవెన్‌హుక్ 1683లో తన పంటిపాచిని సూక్ష్మదర్శినితో పరీక్షించి, లండన్ రాయల్ సొసైటీకి లేఖ వ్రాసెను. వెనిగరుతో కడిగినను పాచి పైనున్న జీవులే చచ్చెనని, లోపలికది చొరలేదని గ్రహించెను.

మానని పుండులో, చీముకారు చెవిలో నేడు మనము ఎదుర్కొనుచున్న చిక్కు అదియే. బాక్టీరియాలు జిగురుకోట కట్టుకొని అందు దాగును. మందులకు సులభముగా లొంగవు. ఆ కోటలోని డి.ఎన్.ఏ. పోగుల కూడళ్లను కొన్ని ప్రోటీనులు మేకులవలె బిగించియుంచును.

2011లో అమెరికాలోని ఒహాయో శాస్త్రజ్ఞులు గుడ్‌మన్, బకలెట్జ్ ప్రభృతులు ప్రయోగశాలలో ఆ మేకులపై యాంటీబాడీలను ప్రయోగింపగా కోట సడలెను. లోని సూక్ష్మజీవులకు మందు తగిలెను. మనుష్యులపై ఈ చికిత్స ఇంకను పరీక్షలలోనే యున్నది. అయినను మందు పనిచేయనిచోట మోతాదు పెంచుటకు ముందు గోడను కూల్చవలెనని మనము తెలిసికొంటిమి.