విధికుడు ఎవరికి పూర్వికుడు?

అమీన్‌పూర్, పటాన్‌చెరు అనగానే ఫ్యాక్టరీలు, ప్లాట్ల వెంచర్లు గుర్తుకొస్తాయి. ఇదే సంగారెడ్డి జిల్లాలో రెండు వేల ఏళ్ల నాటి పట్టణం ఒకటి మట్టి కింద ఉన్నదని మన పిల్లల్లో ఎంతమందికి తెలుసు? సంగారెడ్డి దగ్గరి కొండాపూర్‌లో జనం కోటగడ్డ అని పిలిచే దిబ్బ అది. నిజాం ప్రభుత్వ పురావస్తు శాఖ 1940-42 మధ్య దాన్ని తవ్వింది. 2009-11లో కేంద్ర పురావస్తు శాఖ మళ్లీ తవ్వింది. శాతవాహనుల నాణేలు, రోమన్ చక్రవర్తి ఆగస్టస్ బంగారు నాణెం, బౌద్ధ కట్టడాల పునాదులు, ఇనుప పనిముట్లు, పూసలు, తెల్లమట్టి బొమ్మలు బయటపడ్డాయి. అక్కడొక మ్యూజియం కూడా ఉన్నది.

శాతవాహన రాజుల పేర్లు చరిత్రకెక్కాయి. గౌతమీపుత్ర శాతకర్ణి, పులుమావి అని బడిలో మేమూ బట్టీ పట్టినవాళ్లమే. మరి ఆ బొమ్మ చేసినోళ్ల పేరేంది? ఇనుము కరిగించిన చేతులెవరివి? నాణెం మీద పేరు రాజుదే కావచ్చు, దాన్ని అచ్చు పోసింది మాత్రం రాజు కాదు కదా!

అయితే పనిచేసినోళ్ల పేర్లన్నీ మట్టిలో కలిసిపోలేదు. అదే శాతవాహనుల రాజ్యంలో, కృష్ణ ఒడ్డున, అమరావతి స్తూపం ఉన్నది. అది ఏ ఒక్క రాజు సొమ్ముతోనో లేచింది కాదు. వర్తకులు, గృహస్తులు, భిక్షువులు, భిక్షుణులు, మామూలు స్త్రీలు తలా ఒక రాయి దానమిచ్చి దాని మీద తమ పేరు చెక్కించుకున్నారు. ఆ దాతల్లో ఒకడు విధికుడు. ప్రాకృతంలో ఉన్న ఆ శాసనం అతన్ని చర్మకారుడని స్పష్టంగా చెప్తున్నది. తండ్రి పేరు నాగుడు, ఆయన ఉపాధ్యాయుడు. తల్లి, భార్య, అన్నదమ్ములు, కొడుకు, బిడ్డలు, బంధుమిత్రులతో కలిసి విధికుడు పూర్ణఘటం చెక్కిన పలకను స్తూపానికి ఇచ్చాడు.

ఈ నాలుగు మాటలను మనం నిదానంగా చదవాలె. తోలు పని చేసేవాడు తన వృత్తిని దాచుకోలేదు, రాతి మీద రాయించుకున్నాడు. అతని తండ్రి చదువు చెప్పేవాడు. అతని చెయ్యి తాకిన దానం పవిత్ర స్థలానికి మైల కాలేదు. తర్వాతి కాలంలో లంద పెట్టి, తంగేడు చెక్కతో తోలు ఊనిన మాదిగవాడిని గుడి గడప తొక్కనియ్యలేదు. అతను కుట్టిన మోట బొక్కెన నీళ్లతో పొలాలు పండినయి, అతన్ని మాత్రం ఊరి బావి దగ్గరికి రానియ్యలేదు. ఈ రెండు కాలాల మధ్య ఏం జరిగింది?

అంబేద్కర్ 1948లో ఈ ప్రశ్ననే పట్టుకున్నాడు. అంటరానితనం అనాదిగా లేదని, సుమారు క్రీ.శ. 400 ప్రాంతంలో పుట్టిందని, దాని వెనుక బౌద్ధానికీ బ్రాహ్మణీయానికీ జరిగిన పోరు ఉన్నదని వాదించాడు. విధికుడి శాసనం అంతకంటే ముందుది. ఒక్క శాసనంతో ఆ వాదం రుజువైపోయిందని మేము అనము. ఆనాడు అందరూ సమానంగా బతికిండ్రని కూడా అనము. కానీ అంటరానితనం అనాది ఆచారమని చెప్పేవాళ్లు ఈ రాయికి జవాబు చెప్పుకోవాలె.

పూర్ణఘటాన్నే తర్వాత పూర్ణకుంభం అన్నారు. అది ఆంధ్రప్రదేశ్ రాజముద్రలోకి ఎక్కింది. గుళ్లల్లో పెద్దమనుషులకు స్వాగతం పలికేది దానితోనే. ఆ కుంభాన్ని ఒక చర్మకారుడి కుటుంబం అమరావతిలో దానమిచ్చిందన్న ముచ్చట మాత్రం ఎవరూ ఎత్తరు.

మా ఇండ్లల్లో యూనివర్సిటీ మెట్లెక్కిన మొదటి తరం మేము. చదువు మనకు కొత్త అని ఇంకా అంటూనే ఉంటారు. నాగుడి కొడుకు విధికుడు కాదంటున్నాడు.

టీచర్లకు మా విన్నపం ఒకటే. పిల్లలను కొండాపూర్‌కు తీసుకుపోండి. రాజుల పేర్లు చెప్పండి, కానీ ప్రతి వస్తువు దగ్గరా ఆగి 'ఇది ఎవరు చేసిండ్రు?' అని అడిగించండి. బుల్డోజర్లు భూమిని చదును చేస్తున్న ఈ ప్రాంతంలో పాత పెంకులు, ఇటుకలు తేలితే పురావస్తు శాఖకు చెప్పండి. మన పూర్వికుల సంతకాలు వాటి మీదే ఉన్నాయి.