గుత్తి – పత్తికొండ బాట



గుత్తినుండి పత్తికొండకు పోవు బాటను మీలో పలువురెరుగుదురు. సంతలకును, పెండ్లిండ్లకును, గుత్తిలో రైలెక్కుటకును ఆ దారిని పోయియే యుందురు. నేనును దేవనకొండ ప్రాంతమున ముప్పది యేండ్లకు పైగా తెలుగు పండితుడనై పిల్లలకు చదువు చెప్పి, ఆ దారిని లెక్కకు మిక్కిలిగా తిరిగితిని. చూచుటకు అది సామాన్యమైన దారి. ఇరువైపుల ఎఱ్ఱనేలలు, బోడికొండలు, గుండ్లు, అక్కడక్కడ వేపచెట్లు. అయినను చరిత్ర చదువుకొన్నవానికి అది మిక్కిలి పాతదారి. ఆ బాటమీద పోయినవారిలో ముగ్గురిని గూర్చి నేడు మీతో ముచ్చటింపవలెనని నా కోరిక. ఒకడు చక్రవర్తి, ఒకడు దొర. మూడవవారు ఎవరో చివర చెప్పెదను.

గుత్తినుండి బయలుదేరి కొన్ని మైళ్ళు పోగా ఎఱ్ఱగుడి వచ్చును. ఊరి చేరువనున్న గుట్టమీది గుండ్లపై అశోకుని శాసనములున్నవి. 1928-29 ప్రాంతమున అనూఘోష్ అను భూగర్భ శాస్త్రజ్ఞుడు రాళ్ళను పరిశీలించుచు వచ్చి, ఆ రాతిమీది గీతలు గీతలు కావనియు, అక్షరములనియు గుర్తించి పురావస్తు శాఖవారికి తెలిపెను. అశోకుని పదునాలుగు పెద్ద శాసనములును, చిన్న శాసనములును కూడి యొక్కచోటనే యున్న స్థలములు దేశమున మిక్కిలి అరుదు. ఇటు పత్తికొండకు చేరువను రాజులమందగిరిలో రామలింగేశ్వరుని గుడియొద్ద బండమీద మరియొక చిన్న శాసనము కలదు. అది చాలవరకు అరిగిపోయినది. దేవనకొండ వాసులకు ఈ రెండును పొరుగు సొత్తులే.

ఒకమారు పిల్లలను వెంటబెట్టుకొని ఎఱ్ఱగుడికి పోయితిని. గుండు నీడను ఒక ముసలి గొఱ్ఱెలకాపరి కూర్చుండి యుండెను. "ఏమప్పా, ఈ గీతలేమో తెలుసా నీకు?" అని యడిగితిని. "లంకెబిందెల గురుతంట అయివారూ. ఎవురో రాత్రిపూట వచ్చి తవ్విపోయినారు. ఏమీ దొరకలేదంట" అనెను. నా పిల్లలు నవ్విరి. నాకు నవ్వు రాలేదు. చదువనేరని అక్షరమును చూచి మనవారు ధనమనియే తలంతురు. ఆ తలంపుతోనే ఎన్ని గుళ్ళు, ఎన్ని శాసనములు గునపముల పాలైనవో మీరెరుగనిది కాదు.

ఆ రాతిలో నిజముగా నేమున్నదో చెప్పెదను.

అశోకుడు క్రీస్తునకు పూర్వము 268 ప్రాంతమున పట్టాభిషిక్తుడయ్యెను. మన చిన్న శాసనము ఆ పిదప పదియేండ్ల నాటిదని పండితుల మతము. దానిలో రాజు తన సంగతి తానే చెప్పుకొనును. తాను ఉపాసకుడై రెండున్నర యేండ్లు దాటినదట. మొదటి యేడు అంతగా పూనిక లేకుండెనట. సంఘమును చేరిన పిదపనే గట్టిగా యత్నించితినని యొప్పుకొనును. తన సోమరితనమును రాతిమీద చెక్కించుకొన్న రాజు మరియొకడు నాకు కనబడలేదు. ఈ ఫలము గొప్పవారికే కాదు, చిన్నవాడును యత్నించిన పొందగలడని పలుకును. చివర 256 అను అంకె యున్నది. బుద్ధుని నిర్వాణము నాటికి అన్ని యేండ్లయినవని కొందరు పూర్వపు పండితులు తలచిరి. ఈ ప్రకటన చేయునప్పటికి రాజు ప్రయాణములో 256 రాత్రులు గడపియుండెనని నేడు పెక్కుమంది యొప్పుకొను అర్థము. అనగా ఎనిమిదిన్నర నెలలు ఇల్లు విడిచి తిరిగెను. ఆ తిరుగుట మన సీమలోనే యని చెప్పుటకు వీలులేదు. మాట మాత్రము మన సీమకు నడచి వచ్చినది.

పెద్ద శాసనములలో ఎనిమిదవది ఈ ప్రయాణములను గూర్చినదే. పూర్వపు రాజులు విహారయాత్రలకు, వేటకు బయలుదేరెడివారట. పట్టాభిషేకమైన పదియేండ్లకు అశోకుడు బుద్ధునకు బోధ కలిగిన చోటికి పోయి, నాటినుండి ధర్మయాత్రలు సాగించెను. ఆ యాత్రలలో చేయు పనులు కొన్ని యందు చెప్పబడినవి. బ్రాహ్మణులను శ్రమణులను దర్శించి దానము చేయుట, వృద్ధులను దర్శించి బంగారమిచ్చుట, జనపదములోని ప్రజలను చూచి వారితో ధర్మము ముచ్చటించుట. వృద్ధదర్శనము రాజకార్యములలో నొకటి యని వినుటకు మనకెంత హాయిగా నున్నది! ఈ దినములలో పెద్దలు మన యూరికి వచ్చినను రచ్చబండ దాటి ముసలివాని గడపకు రారు.

ఇక ఆ చిన్న శాసనమును చెక్కిన విధమొక వింత. కొన్ని పంక్తులు ఎడమనుండి కుడికి సాగును. వాని నడుమ కొన్ని కుడినుండి ఎడమకు నడచును. మడకదున్నువాడు చాలు కొసకు పోయి, ఎద్దులను మరల్చి, ప్రక్కచాలున వెనుకకు వచ్చునుగదా, అట్లన్నమాట. గ్రీకులు ఈ తీరు వ్రాతకు ఎద్దు మరలుట యను నర్థము వచ్చునట్లే పేరు పెట్టిరి. మన వ్రాయసగాడు ఏల యిట్లు వ్రాసెనో తేలలేదు. కాని తుంగభద్రకు ఆవలి చిత్రదుర్గ సీమలో బ్రహ్మగిరిమీద నున్న అశోక శాసనమున చపడుడను వ్రాయసగాని పేరున్నది. లిపికారుడను మాటను అతడు ఖరోష్ఠిలో వ్రాసెను. ఖరోష్ఠి వాయవ్యమున గాంధారదేశపు లిపి. కుడినుండి ఎడమకు నడచును. అనగా ఆ మారుమూల కొండమీదికి గాంధారపు చదువు చదివినవాడొకడు నడచి వచ్చియుండెను. రాజు వచ్చెనో లేదో కాని, వ్రాయసగాడు వచ్చెను. ఆ బ్రహ్మగిరి శాసనమే సువర్ణగిరినుండి రాజకుమారుడు పంపిన యుత్తరువని చెప్పుచున్నది. ఆ సువర్ణగిరి మన జొన్నగిరియే యని కొందరు పండితులందురు. తొలకరి పడినంతనే వజ్రములకై జనము పొలములవెంట వంగి తిరుగు జొన్నగిరి. ఒప్పుకొనని వారును కలరు.

ఎఱ్ఱగుడి చిన్న శాసనమున ఇంకొక భాగమున్నది. రాజు తన మాటను రజ్జుకుడను అధికారికి చెప్పును. అతడు భేరి మ్రోగించి జనపదమువారికి చెప్పవలెను. తల్లిదండ్రుల మాట వినుడు, ప్రాణులయెడ దయగా నుండుడు, సత్యము పలుకుడు అనునవి ఆ మాటలు. ఏనుగులెక్కువారు, కరణములు, అధ్యాపకులు తమ శిష్యులకు పూర్వాచారము ప్రకారము నేర్పవలెనని కూడ నున్నది. నావంటి బడిపంతులకు రెండువేల రెండువందల యేండ్ల క్రిందటనే యుత్తరువు వచ్చి కొండమీద నిలిచియుండెను. నేను మాత్రము ఉద్యోగము సగము గడచిన పిదప చదివితిని.

ఇక దొర.

1800లో నిజాము మన సీమలను కంపెనీవారికి దత్తము చేసెను. అందువలననే దత్తమండలములని పేరు వచ్చినది. థామస్ మన్రో 1800 మొదలు 1807 వరకు వానికి ప్రధాన కలెక్టరుగా నుండెను. ఆ యేడేండ్లును డేరాలలో తిరుగుచునే గడపెను. ఊరూర దిగి, పొలము కొలిపించి, రైతుతో ముఖాముఖి మాటాడి, పన్ను కట్టెను. ఆ పన్ను తేలికయని నేననను. అది మిక్కుటమని, నూటికిరువదియైదు తగ్గింపవలెనని పోవునపుడు తానే వ్రాసెను. అప్పుడెవరును వినలేదు. 1820లో అతడే చెన్నపట్టణపు గవర్నరై తిరిగి వచ్చినపుడు గాని అది జరుగలేదు.

1827లో స్వదేశమునకు పోవుటకు ముందు, తాను తిరిగిన సీమను చివరిమారు చూచి పోవలెనని బయలుదేరెను. జులై 4న గుత్తిలో నుండగా అతని విడిదిలో కలరా సోకెను. 6వ తేదీకి డేరాలు పత్తికొండ చేరెను. ఆ యుదయమున దొరకే జాడ్యము తగిలెను. ఆ రాత్రి తొమ్మిదిన్నర గంటలకు పత్తికొండలోనే ప్రాణము విడిచెను. మరునాడు గుత్తిలో పాతిపెట్టిరి. 1831లో ఎముకలను చెన్నపట్టణమునకు గొనిపోయి కోటలోని సెయింట్ మేరీ గుడిలో నుంచిరి. దత్తమండలములలో మగబిడ్డలకు మన్రోలప్ప యని పేరు పెట్టిన కాలమొకటి యుండెను.

ఇచ్చట ఒకమాట మీరాలోచింపవలెను. గుత్తినుండి పత్తికొండకు వచ్చు ఆ విడిది, ఆ యేనుగులు, ఆ గుఱ్ఱములు, ఆ కూలీలు ఎఱ్ఱగుడి గుండ్ల దాపుననే సాగియుండవలెను. అప్పుడు లోకములో ఆ యక్షరములు చదువగల మనుష్యుడొక్కడును లేడు. బ్రాహ్మీలిపిని ప్రిన్సెప్ దొర చదివినది 1837లో, మన్రో చచ్చిన పదియేండ్లకు. ఆ లిపిలోని దేవానాంప్రియుడే అశోకుడని పేరుతో సహా తెలిపిన మస్కి శాసనము బయటపడినది 1915లో. అది తుంగభద్ర కావల రాయచూరు సీమలోనిది. ఎఱ్ఱగుడి రాళ్ళను కనుగొనుటకు ఇంకను పదుమూడేండ్లు పట్టినది. ఒక బాటసారి మాట ప్రక్కనే మరియొక బాటసారి పోయెను. ఒకని మాట మరియొకని చెవికి చేరలేదు.

అయినను చూడుడు. ఎఱ్ఱగుడిలోని రెండవ పెద్ద శాసనమున, మనుష్యులకును పశువులకును ఉపయోగముగా దారులవెంట బావులు త్రవ్వించితిననియు, చెట్లు నాటించితిననియు, మందుమూలికలు లేనిచోట్ల తెప్పించి నాటించితిననియు అశోకుడు చెప్పుచున్నాడు. ఆ బావులలో ఒక్కటియు నేడు మనకు చూపుటకు లేదు. మాట నిలిచినది, నీరు నిలువలేదు. మన్రో చచ్చిన చోట అప్పటి ప్రభుత్వమువారు ఆతని జ్ఞాపకార్థము రాతిమెట్ల బావి త్రవ్వించి, తోపు వేయించిరి. గుత్తిలో సత్రము కట్టించిరి. చెన్నపట్టణమున గుఱ్ఱముమీద విగ్రహమెత్తిరి, 1839లో. ఆ గుఱ్ఱమునకు రికాబులు లేవని బస్తీవారు నేటికిని చెప్పుకొందురు. రికాబులు లేకున్నను మనకు నష్టము లేదు. దాహముగొన్నవానికి బావి చాలును. శాసనము చదువనేరనివారు, చదువకయే, ఆ శాసనములోని పనినే కొన్ని మైళ్ళ దూరమున చేసిరి.

ఇక మూడవవారిని గూర్చి చెప్పెదనంటిని. వారు మీ యిండ్లలోనివారే.

సంక్రాంతి దాటిన పిదప దేవనకొండ, ఆదోని, ఎమ్మిగనూరు సీమ పల్లెలలో తాళములు పడుట మీరు చూచుచునే యున్నారు. గుంటూరు సీమకు మిరపకాయలు కోయుటకు సుగ్గికి పోవుదురు. సుగ్గి యను మాట కన్నడమునుండి వచ్చినది. ఆదోని, ఆలూరు తాలూకాలు 1953 వరకు బళ్ళారి జిల్లాలోనివేగదా, ఇచ్చటి మాటలలో కన్నడపు పాలు తక్కువ కాదు. కన్నడమున సుగ్గి యనగా పంట ఇల్లు చేరు కాలము, పండుగ కాలము. మన యూళ్ళలో అదే మాటకు ఇల్లు విడిచి పరుల పంట కోయబోవుట యని యర్థము వచ్చినది. ఒక మాట యర్థము ఇంతగా తలక్రిందైనచో, ఆ సీమలో వానలెట్లు కురిసినవో వేరుగ చెప్పనక్కరలేదు. 1876 నాటి ధాత కరువున గంజికై బాటలు పట్టినవారి మనుమల మనుమలే నేడును బాటలు పట్టుచున్నారు.

వీరు రాతిమీద వ్రాయరు. వీరి పేర బావి త్రవ్వువారు లేరు. వీరి జాడ నిలుచు పత్రమొకటి నాకు తెలియును. అది బడిలోని హాజరుపట్టీ. మాఘమాసము వచ్చుసరికి ఒక్కొక్క తరగతిలో వరుస వరుసయే గైరుహాజరు గుర్తులతో నిండును. శాసనముల ముందు కూర్చుండి పండితులు చెరిగిన యక్షరములను పోల్చుకొనునట్లు, నేనా పట్టీ ముందు కూర్చుండి ఏ యిల్లు ఏనాడు కదలినదో పోల్చుకొనెడివాడను.

ఒక యేడు ఏడవ తరగతిలో చురుకైన పిల్ల యొకతె యుండెను. పద్యము ఒకమారు వినిన చాలును, అప్పగించును. బండి కదలునాడు నేను వారి యింటికి పోయి, పిల్లనైన విడిచి పొండని బ్రతిమాలితిని. "ఏం చేసేది సారూ, ముసలామె ఉంటే ఆమె కాడ ఇడుస్తాంటిమి. ఆమె లేకపోయె" అని తల్లి కన్నులు తుడుచుకొనెను. వసతిగృహమున చేర్పింపవలెనని నేను తిరిగితిని గాని, నా వలన కాలేదు. ఇంకొంచెము గట్టిగా తిరుగవలసినది. నేటికిని నాకా చింత పోలేదు.

ఆ పిల్ల ఉగాది దాటి కొన్నాళ్ళకు, పరీక్షల వేళకు వచ్చెను. పట్టీలో లెక్కించితిని, 78 గుర్తులు. అశోకుడు తన 256 రాత్రులను చెక్కించుకొనెను. ఈ పిల్ల దినములను ఎఱ్ఱసిరాతో నేను చెక్కితిని. చేతులు చూపుమంటిని. మిరప ఘాటునకు వ్రేళ్ళ కొసలు పొరలు లేచి యుండెను. దారిలో నీళ్ళెక్కడ త్రాగితిరే యని యడిగితిని. లారీలోనే డ్రమ్ము పెట్టుకొని పోయితిమని చెప్పెను. తర్వాత తన చోట కూర్చుండి, ప్రక్కపిల్ల పుస్తకమును తన వైపునకు జరుపుకొనెను. నేను పట్టీ తెరచి ఆమె పేరున హాజరు వేసితిని.