వెరినాగ్ లోతెంత?

కొండ అడుగున ఒక నీలంరంగు నీటిబుగ్గ. దీనికి అడుగే లేదని చుట్టుపక్కల జనం నమ్మకం. అక్కడికొచ్చిన ఒకాయన ఆ మాట విని తలూపి వెళ్ళిపోకుండా, తాడుకి రాయి కట్టించి నీళ్ళలోకి వదలమన్నాడు. ఆ తాడుని కొలిస్తే మనిషి ఎత్తుకి ఒకటిన్నర రెట్లు ఉంది, అంతే!

ఆయన జహంగీరు. మన తెలుగువాళ్ళకి సలీం అంటే 'అనార్కలి' (1955) సినిమాలో అక్కినేనే గుర్తొస్తాడు గానీ, ఈ తాడూ రాయీ కథ ఆయన స్వయంగా తన జ్ఞాపకాల పుస్తకంలో రాసుకున్నది. తండ్రి అక్బరు బతికుండగానే రెండుసార్లు ఈ ఊట దగ్గరికి వెళ్ళాడట. గసగసాల గింజ వేస్తే అది అడుగుకి చేరేదాకా కనిపిస్తూనే ఉంటుందనీ రాశాడు. సాఫ్ట్‌వేర్ వాణ్ణి కాబట్టి, ఎవరో చెప్పింది నమ్మకుండా టెస్ట్ చేసి చూసినవాడంటే నాకు గౌరవం. ఆ పేజీ చదివాకే వెరినాగ్ చూడాలనిపించింది. 2024 మేలో చూశాను.

శ్రీనగర్ నుంచి దక్షిణంగా అనంతనాగ్ దాటి, పీర్ పంజాల్ కొండల మొదటికి వెళ్తే వస్తుంది వెరినాగ్. జీలం నది పుట్టుక ఇక్కడేనంటారు. గేటు, టిక్కెట్టు, చిప్స్ కొట్లు... అన్నీ మామూలే. ఓ కమాను కిందనుంచి లోపలికి నాలుగడుగులు వేయగానే నేను నోరు మూసుకున్నాను. ఎనిమిది పలకల రాతి కొలను, చుట్టూ కమానుల వరస, వెనక నిటారుగా దేవదారు చెట్ల కొండ. నీళ్ళు... ఏ రంగని చెప్పను? అంచుల్లో పచ్చగా మొదలై మధ్యకి వచ్చేసరికి సిరా నీలం. అలల్లేవు, చప్పుడు లేదు. చేపలు గాల్లో వేలాడుతున్నట్టున్నాయి. మన మహానంది కోనేట్లో రూపాయి బిళ్ళ వేసి అడుగున వెతుక్కున్నవాళ్ళకి ఆ తేటదనం కొంచెం తెలుస్తుంది. కాకపోతే మహానందిలో మునగొచ్చు. ఇక్కడ వేలు పెట్టి పది లెక్కపెట్టేసరికి వేలు నాది కాకుండా పోయింది.

ఆ చేపలకీ చరిత్ర ఉంది. ఔరంగజేబు కాలంలో, 1665లో, కాశ్మీరు వచ్చిన ఫ్రెంచి వైద్యుడు బెర్నియే ఈ చుట్టుపక్కల తిరుగుతూ ఒక రాజోద్యానంలో పిలిస్తే దగ్గరికొచ్చే చేపల్ని చూశాడు. పెద్ద చేపల మొప్పలకి బంగారు రింగులున్నాయనీ, అవి నూర్జహాన్ పెట్టించినవని చెప్పుకుంటారనీ రాశాడు. అది వెరినాగే అయ్యుంటుందని తర్వాతివాళ్ళు లెక్క తేల్చారు. ఇప్పటి చేపలకి రింగుల్లేవు, బిస్కెట్లున్నాయి :)

అక్కడ గోడలో ఒక రాతి ఫలకం మీద పారసీ శాసనం ఉంది. గబగబా ఫొటో తీసుకుని వెళ్ళిపోయేవాళ్ళే అందరూ. కానీ అందులో ఒక చిన్న ప్రోగ్రాం దాక్కుని ఉంది. మనకి కటపయాది ఉన్నట్టే పారసీలో ప్రతి అక్షరానికీ ఒక విలువుంటుంది. మన పాత శాసనాల్లో తేదీని మాటల్లో దాచినట్టే వాళ్ళూ పద్యం చివరి మాటల్లో సంవత్సరాన్ని దాస్తారు. భవనమూ ఊటా కలకాలం కళకళలాడాలనే అర్థం వచ్చే ఆ మాటల్ని హోటల్ గదిలో కూర్చుని కూడాను. ఊటకి వాళ్ళ మాట 'చష్మా', విలువ 348. 'వెర్నాగ్' అన్న పేరుకి 277. మిగతావి కూడా కలిపితే మొత్తం 1029. హిజ్రీ 1029 అంటే క్రీస్తుశకం 1620, జహంగీరు ఏలుబడిలో పదిహేనో ఏడు. రెండుసార్లు కూడితే రెండుసార్లూ అదే వచ్చింది. నాలుగొందల ఏళ్ళనాటి చెక్‌సమ్ ఇంకా మ్యాచ్ అవుతోంది!

ఇంకో ఫలకం షాజహాన్ హయాంది. కాలువా జలధారలూ ఆయన ఆజ్ఞతో కట్టించిన హైదర్ పేరు దాని మీద ఉంది. చక్రవర్తి పక్కన పనిచేసినవాడి పేరు కూడా మిగలడం నాకు భలే నచ్చింది. మన ప్రాజెక్టుల్లో రిలీజ్ మెయిల్ ఎవరి పేరుతో వెళ్తుందో మీకు తెలుసుగా.

ఎనిమిది పలకల ఆకారం కూడా జహంగీరుదేనని చాలా చోట్ల రాసేస్తుంటారు. ఆయన మాత్రం తను మొదట చూసిన కొలనే ఎనిమిది పలకలదని రాశాడు. పక్కనే రాతిలో తొలిచిన గదులు, సాధువుల ఆరాధనా స్థలం తాలూకు శిథిలాలు ఉన్నాయనీ రాశాడు. తను గద్దెనెక్కాక చుట్టూ రాతికట్టడం వేయించి, తోట పెట్టించి, కాలువ తీయించాడన్నమాట. అంటే అంతకు ముందే ఎవరో దీన్ని చూసి దణ్ణం పెట్టుకున్నారు. ఎవరో కాదు, నీలమత పురాణం వాళ్ళే. కాశ్మీరీలో 'నాగ్' అంటే నీటి ఊట. పురాణంలో ప్రతి ఊటకీ ఒక నాగుడు, వాళ్ళకి రాజు నీలుడు. ఆయన ఇల్లే ఈ బుగ్గ అంటారు. శివుడు ఇక్కడ శూలంతో జానెడు కన్నం పొడిస్తే పార్వతి నదిగా పైకొచ్చిందట. జానెడంటే సంస్కృతంలో వితస్తి, అందుకే నది పేరు వితస్త. ఆ వితస్తే కాశ్మీరీలో వ్యథ్, జహంగీరు పుస్తకంలో బిహత్, మన మ్యాపుల్లో జీలం. నదికి కొలత పేరు పెట్టినవాళ్ళు ఇంకెక్కడైనా ఉన్నారా!

జానెడు, ఒకటిన్నర మనిషి... ఇవాళ్టి టూరిజం పేజీలు చూస్తే 50 అడుగుల పైమాటే.

మర్నాడు కోకర్నాగ్ మీదుగా దక్సుం వైపు వెళ్ళాం. బ్రెంగీ ఏరు పక్కనే రోడ్డు. కింద అక్రోటు చెట్లు, పైకి వెళ్ళేకొద్దీ ఫర్ చెట్లు, ఆ పైన గొర్రెల మందలు దిగివచ్చే పచ్చిక. దాదాపు 3,800 మీటర్ల ఎత్తున్న సింథన్ టాప్ దగ్గర రోడ్డుకి పక్కన మేలో కూడా మంచు గోడ. దానిమీద చెయ్యి పెట్టినప్పుడు గానీ బుర్రకెక్కలేదు, ఇక్కడి ఊటలన్నీ ఇలాంటి మంచేనని. ఈ కొండల్లో సున్నపురాయి ఎక్కువ. కరిగిన మంచు పగుళ్ళలోంచి దిగి, లోపల సొరంగాలు చేసుకుని, కొండ కాలి దగ్గర ఊటగా తేలుతుంది. వెరినాగ్, కోకర్నాగ్, అచ్ఛాబల్... అన్నీ ఈ బాపతే.

తిరుగుదారిలో అచ్ఛాబల్ దగ్గర ఆగాం. అది కూడా మొగలుల తోటే, కానీ అక్కడి నీళ్ళకి వెరినాగ్ నెమ్మది లేదు, హోరున దూకుతాయి. బ్రెంగీ నీళ్ళే నేలలోకి ఇంకి ఇక్కడ తేలతాయని పాతకాలం నుంచీ అంటారు. 2022 ఫిబ్రవరిలో కోకర్నాగ్ దగ్గర ఏటి మధ్యలో గొయ్యి పడి, బ్రెంగీ మొత్తం అందులోకి దిగిపోయింది. కింద చేపలన్నీ చచ్చాయి. మా డ్రైవర్ ఆ చోటు చూపిస్తానన్నాడు, నేనే టైం లేదన్నాను. అచ్ఛాబల్‌లో మాత్రం బాటిల్ నింపుకుని, ధార పక్కన కూర్చుని అరగంట ఊరికే గడిపాను.

2025 ఫిబ్రవరిలో ఆఫీసులో కాఫీ తాగుతూ ఫోనులో వార్తలు చూస్తుంటే అచ్ఛాబల్ ఫొటో కనిపించింది. ధార లేదు. రాళ్ళు, నాచు, అడుగున బురద. ఆ చలికాలం మంచు సరిగ్గా పడలేదు, వాన లేదు, ఊట ఎండిపోయింది. నేను కూర్చున్న గట్టు అదేనా అని ఫొటో పెద్దది చేసి చూశాను. అదే. మొగలుల కాలం నుంచీ దూకుతున్న నీళ్ళు ఏడాది తిరక్కుండానే ఆగిపోవడం నాకు మింగుడుపడలేదు. పక్క సీటు కుర్రాడికి చూపిస్తే, "మోటారు కాలిపోయిందేమో అన్నా" అన్నాడు. మోటారు లేదురా అక్కడ అన్నాను. నిజానికి ఉంది. దాన్ని నేను సింథన్ దగ్గర చేత్తో తాకాను కూడా.

వెరినాగ్ ఎండిందన్న వార్త ఇంతవరకూ నా కంటపడలేదు. ఈసారి వెళ్తే ఒక నూలుండా, చివర కట్టడానికి ఒక రాయీ తీసుకెళ్ళాలి. గార్డు ఒప్పుకుంటాడో లేదో గానీ, ఒకటిన్నర మనిషికీ 50 అడుగులకీ మధ్య అసలు సంగతేంటో తేల్చుకోవాలని ఉంది. మొదటి రీడింగ్ జహంగీరుది, రెండోది నాది.