తూకానికి అందని ధూళి

పెంకుటింట్లో పెరిగినవాళ్లకు ఈ దృశ్యం పరిచయమే. మిట్టమధ్యాహ్నం పెంకుల సందులోంచి ఎండ కడ్డీలా గదిలోకి దిగుతుంది. అందులో నలుసులు పైకీ కిందికీ తిరుగుతుంటాయి. చెయ్యి అడ్డం పెడితే మాయం, తీస్తే మళ్లీ ప్రత్యక్షం. మన పూర్వులు ఆ నలుసుకు త్రసరేణువని పేరు పెట్టారు. మనుస్మృతి ఎనిమిదో అధ్యాయంలో తూకాల పట్టిక దానితోనే మొదలవుతుంది. ఎనిమిది త్రసరేణువులు ఒక ఈపి ఎత్తు, మూడు ఈపులు ఒక నల్ల ఆవగింజ ఎత్తు, అలా పెరుగుతూ బంగారం, వెండి తూకాలదాకా వెళుతుంది. కంటికి ఆనేవాటిలో అతి చిన్నదాన్ని చూడగానే మనిషికి దాన్ని తూచాలనిపించింది. ఆ ఆలోచన ఇంకా మనల్ని వదల్లేదు. గాలి నాణ్యత గురించి పేపర్లో రోజూ చదివే ధూళి అంకె కూడా తూకమే, ఘనపు మీటరు గాలిలో ఎన్ని మైక్రోగ్రాములని.

ధూళిని తూచకుండా లెక్కపెట్టిన మనిషి ఒకాయన ఉన్నాడు. స్కాట్లండ్‌లోని ఫాల్కిర్క్ ఊరివాడు, పేరు జాన్ ఎయిట్‌కెన్.

ఆయన కథలోకి వెళ్లేముందు లండన్‌లో ఒక్క నిమిషం ఆగాలి. 1860ల చివర్లో జాన్ టిండాల్ అనే భౌతికశాస్త్రవేత్త వాయువుల మీద కాంతి చేసే పనిని పరిశీలిస్తున్నాడు. అందుకు ధూళి లేని గాలి కావాలి. ఎంత శుభ్రం చేసినా గాజు గొట్టంలోని వెలుగు దారిలో నలుసులు మెరుస్తూనే ఉన్నాయి. ఆ గాలిని స్పిరిట్ దీపం మంట మీదుగా పంపితే మెరుపు పోయింది, వెలుగు వెళ్లే దారి నల్లగా కనిపించింది. అంటే ఆ నలుసుల్లో చాలాభాగం మంటకు కాలిపోయే పదార్థం. 1870 జనవరిలో రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో ‘ధూళి, వ్యాధి’ అనే విషయం మీద ఆయన ఉపన్యాసం చేశాడు. మన పెంకుల సందు ఎండే అక్కడ ప్రయోగశాల పరికరం అయింది. కానీ కాంతికి ఒక హద్దుంది. కంటికి కనిపించే కాంతి తరంగం పొడవు దాదాపు 400 నుంచి 700 నానోమీటర్లు. అంతకు ఎన్నో రెట్లు చిన్న కణం ఆ వెలుగులో మెరవదు, సూక్ష్మదర్శినికీ దొరకదు. గాలిలో సంఖ్యలో ఎక్కువగా ఉండేవి అవే.

ఎయిట్‌కెన్ 1839లో పుట్టాడు. ఓడల ఇంజినీరు కావాలని శిక్షణ పొందాడు కానీ ఆరోగ్యం సహకరించక ఆ వృత్తి మానుకున్నాడు. ఏ విశ్వవిద్యాలయంలోనూ ఆచార్యుడు కాదు. ఫాల్కిర్క్‌లో ఇంటినే ప్రయోగశాలగా చేసుకుని, కావలసిన పనిముట్లు తన చేతులతోనే తయారుచేసుకున్నాడు. 1919లో కన్నుమూసేదాకా అదే ఆయన జీవితం.

1880 డిసెంబరులో ఆయన ఎడిన్‌బరో రాయల్ సొసైటీ ముందు పెట్టిన ప్రయోగం వంటింట్లో చేసి చూపించగలిగినంత తేలికది. రెండు పెద్ద గాజు పాత్రలు. ఒకదాంట్లో మామూలు గాలి, రెండోదాంట్లో దూదిలోంచి వడగట్టిన గాలి. రెండింటిలోకీ ఆవిరి వదిలితే మొదటి పాత్ర తెల్లటి పొగమంచుతో నిండిపోయింది. రెండోది అద్దంలా తేటగా ఉండిపోయింది. ఆవిరి రెండింట్లోనూ ఒకటే. నీరు పట్టుకుని నిలవడానికి మొదటిదాంట్లో ధూళి ఉంది, రెండోదాంట్లో లేదు. ఫ్రాన్సులో పాల్-జాఁ కూలియే 1875లోనే ఈ మాట తేల్చాడని ఎయిట్‌కెన్‌కు తర్వాత తెలిసింది. అయితే దాన్ని మబ్బులదాకా తీసుకెళ్లినవాడు ఎయిట్‌కెన్. ధూళి లేకపోతే మంచు ఉండదు, మేఘం ఉండదు, బహుశా వానా ఉండదన్నాడు. అప్పుడు గాలిలోని తేమ మన బట్టల మీదా ఇంటి గోడల మీదా నేరుగా చేరుతుంది, గొడుగు ఎందుకూ పనికిరాదు. ప్రతి మేఘపు బొట్టు నడుమా ఒక రేణువు ఉంటుందన్న సంగతి చదివిన రోజు నుంచీ నేను తొలకరి చినుకుని మునుపటిలా చూడలేదు.

ఇక్కడితో ఆగినా చరిత్రలో ఆయనకు చోటుండేది. కానీ ఇంజినీరు బుద్ధి ఆగనివ్వలేదు. ప్రతి రేణువూ ఒక బొట్టుకు విత్తనం అయితే, బొట్లు లెక్కపెడితే రేణువులు లెక్కపెట్టినట్టే కదా. 1888లో ఆ పరికరం తయారైంది.

దాని పనితనం వివరంగా చెప్పుకోవాలి. గాలిని ఉన్నదున్నట్టు తీసుకుంటే రేణువులు మరీ ఎక్కువై అన్నిటికీ ఆవిరి చాలదు. అందుకని కొలిచిన కొద్దిపాటి గాలిని, దూదిలో వడగట్టిన ఎక్కువ గాలితో కలిపి పలచన చేశాడు. పాత్ర లోపల తడి ఉంచి గాలిని ఆవిరితో నింపాడు. పంపుతో ఒక్కసారి గాలిని లాగగానే లోపలిది వ్యాకోచించి చల్లబడుతుంది. ఆవిరి ఆగలేక రేణువుల మీద వాలుతుంది. పది నానోమీటర్ల కణం కూడా నీటిని చుట్టుకుని వందల రెట్లు లావెక్కి కనిపించే బొట్టవుతుంది. ఆ బొట్లు సన్నటి వానలా అడుగున ఉన్న మెరుగుపెట్టిన వెండి పలక మీద పడతాయి. పలక మీద చదరపు మిల్లీమీటరు గళ్లు గీసి ఉంటాయి. పై నుంచి భూతద్దంతో ఒక్కో గడిలో ఎన్ని పడ్డాయో లెక్కపెట్టడమే.

పలకకూ పైకప్పుకూ మధ్య ఎత్తు సరిగ్గా ఒక సెంటీమీటరు. కనుక ఒక గడి మీద పడిన బొట్లన్నీ ఘనపు సెంటీమీటరులో నూరోవంతు గాలివి. గడిలో అయిదు బొట్లుంటే ఘనపు సెంటీమీటరుకు 500. గాలిని నూరు రెట్లు పలచన చేసి ఉంటే అసలు గాలిలో 50,000. కంటికి అందనిదాన్ని గళ్లకాగితం లెక్కలోకి దింపిన ఈ యుక్తిని మించిన అందం విజ్ఞాన చరిత్రలో నాకు అరుదుగా కనిపించింది.

ఆ ఏడాది ఆయన ప్రకటించిన అంకెలు చూడండి. ఘనపు సెంటీమీటరుకు, అంటే చక్కెర ముద్దంత చోటుకు: వాన పడుతుండగా బయటి గాలిలో 32,000. వాన లేనప్పుడు 1,30,000. గదిలో 18,60,000. అదే గదిలో పైకప్పు దగ్గర 54,20,000. బన్సెన్ బర్నర్ మంట మీది గాలిలో 3 కోట్లు. మంట కనిపించేదేమో నీలంగా, శుభ్రంగా, పొగ జాడే లేకుండా. గ్యాసు దీపాలు వెలిగే ఆనాటి ఇళ్లలో మనుషులు పీల్చేదేమిటో ఈ పట్టికే మొదటిసారి అంకెల్లో చెప్పింది. నేటి గ్యాసు పొయ్యి మంటా ఆ కోవలోదే. మసి పట్టని మంట అంటే రేణువులు లేని మంట కాదు.

పరికరంతో ఆయన దేశాలు తిరిగాడు. 1889లో, ఈఫిల్ టవర్ తెరిచిన ఏడాదే, దాని మీదికెక్కి పారిస్ గాలిని లెక్కపెట్టాడు. స్విట్జర్లాండులో రిగి కొండ మీద లెక్కపెట్టాడు. గాలి వీచే దిక్కు మారితే అంకె ఎలా మారుతుందో రాసుకున్నాడు. తర్వాత జేబులో పట్టే చిన్న పరికరం కూడా చేశాడు. బ్రిటన్‌లోకెల్లా ఎత్తయిన బెన్ నెవిస్ శిఖరం మీద 1883 నుంచి 1904 దాకా ఒక వాతావరణ కేంద్రం నడిచింది. మంచులో కూరుకుపోయిన ఆ రాతి ఇంట్లోనూ ఎయిట్‌కెన్ పరికరం పెట్టి రేణువులు లెక్కగట్టారు. 1894 సెప్టెంబరులో సి.టి.ఆర్. విల్సన్ అనే యువకుడు అక్కడ రెండు వారాలు పనిచేయడానికి వచ్చాడు. మేఘాల మీద పడిన తన నీడ చుట్టూ రంగుల వలయాలు చూసి, వాటిని ప్రయోగశాలలో పుట్టించాలనుకున్నాడు. ధూళి పూర్తిగా తీసేసిన గాలిని ఇంకా గట్టిగా వ్యాకోచింపజేస్తే అయాన్ల మీద కూడా బొట్లు కడతాయని కనుక్కున్నాడు. అలా పుట్టిన మేఘపు పెట్టెకే 1927లో నోబెల్ బహుమతి వచ్చింది. పరమాణువు లోపలి కణాల జాడలు మనిషి కళ్లారా చూసింది అందులోనే.

లెక్కపెట్టే విద్య భౌతికశాస్త్రానికి అంత మేలు చేసింది. ఊళ్ల గాలిని చూసుకునే అధికారులు మాత్రం వేరే దారి పట్టారు. వాళ్లకు కావలసింది బొగ్గు పొగ ఎంత నల్లగా ఉందో చెప్పే తేలిక పద్ధతి. తెల్ల కాగితంలోంచి గాలి లాగి, పడిన మరక నలుపును బట్టి పొగ కొలిచేవారు. 1952 డిసెంబరు 5 నుంచి 9 దాకా లండన్‌ను పొగమంచు మూసేసినప్పుడు చేతిలో ఉన్నవి ఆ మరకలే. గాలి కదలలేదు, లక్షల ఇళ్ల బొగ్గు పొయ్యిలు ఆగలేదు. శాడ్లర్స్ వెల్స్ రంగశాలలో ప్రేక్షకులకు వేదిక కనిపించక ఒపెరా మధ్యలో ఆపేశారు. పొగ ఘనపు మీటరుకు 4.46 మిల్లీగ్రాములదాకా చేరింది. రోజువారీ పొగ గీతనూ మరణాల గీతనూ ఒకే కాగితం మీద గీస్తే రెండూ కలిసి లేచి కలిసి దిగాయి. అప్పటి లెక్కలో చనిపోయినవాళ్లు దాదాపు 4,000. తర్వాతి నెలల్లో పోయినవాళ్లను కూడా కలిపి 2001లో చేసిన అంచనా 12,000. 1956లో స్వచ్ఛమైన గాలి చట్టం వచ్చింది.

లండన్ అంకె పక్కన మరో అంకె పెట్టాలి. 1980ల మొదట్లో కిర్క్ స్మిత్ అనే పరిశోధకుడు, ఆయన సహచరులు గుజరాత్ పల్లెల్లో కట్టెలు, పిడకల పొయ్యి దగ్గర వండే ఆడవాళ్లకు చిన్న గాలి పంపులు తగిలించి, ఫిల్టర్ల మీద పడిన ధూళిని తూచారు. వంట చేసేంత సేపూ సగటున ఘనపు మీటరుకు దాదాపు 7 మిల్లీగ్రాములు. కొలిచిన పద్ధతులు వేరు కాబట్టి రెండు అంకెల్నీ నేరుగా పోల్చకూడదు. అయినా ఊదుగొట్టం పట్టుకుని కళ్లు తుడుచుకుంటూ పొయ్యి ముందు కూర్చున్న మన అమ్మమ్మలు ఎంత పొగ మింగారో ఆ తూకం చెబుతుంది. లండన్‌కు అయిదు రోజులు, వాళ్లకు రోజూ రెండు పూటలు.

తూకం విలువ తక్కువని నేను అనడం లేదు. 2.5 మైక్రోమీటర్లకు లోపలి ధూళి ప్రాణం తీస్తుందని లోకాన్ని ఒప్పించింది తూకమే. అమెరికాలో హార్వర్డ్ పరిశోధకులు 8,111 మంది పెద్దవాళ్లను ఆరు ఊళ్లలో 14 నుంచి 16 ఏళ్లు గమనించి, 1993లో ఫలితం ప్రకటించారు. పొగతాగడం వంటివన్నీ లెక్కలోకి తీసుకున్నా, అన్నిటికన్నా మురికి ఊళ్లో మరణాల రేటు శుభ్రమైన ఊరికన్నా 26 శాతం ఎక్కువని తేలింది. 1997లో అమెరికా ఈ సన్నధూళికి పరిమితి పెట్టింది. తర్వాత మనమూ పెట్టుకున్నాం, 24 గంటల సగటు 60 మైక్రోగ్రాములు. దాన్ని కొలిచే పద్ధతిలో నిమిషానికి 16.7 లీటర్ల చొప్పున రోజంతా 24 ఘనపు మీటర్ల గాలిని ఒక ఫిల్టర్‌లోంచి లాగుతారు. దారిలో గాలిని ఒక్కసారి మలుపు తిప్పితే బరువైన రేణువులు తిరగలేక గోడకు కొట్టుకుని ఉండిపోతాయి, సన్నవి ముందుకు పోతాయి. మన పరిమితి దగ్గర ఉన్న గాలిలో ఆ ఫిల్టర్ ఒక్క రోజుకు పెరిగే బరువు 1.44 మిల్లీగ్రాములు. అందుకే ఫిల్టర్‌ను ముందూ వెనకా ఒకే వేడి, ఒకే తేమ ఉన్న గదిలో ఉంచి తూస్తారు.

టిండాల్ వెలుగు బాట కూడా ఆగిపోలేదు. ఇళ్లలో పెట్టుకునే చౌక పరికరాలు లేజర్ కాంతి చెదరడాన్ని చూసి తూకం అంచనా వేస్తాయి. తేమ ఉన్న ఉదయాల్లో నీటిని పీల్చి ఉబ్బిన రేణువులు వాటిని తప్పుదారి పట్టిస్తాయి. తిరుపతికి దగ్గర్లోని గాదంకిలో జాతీయ వాతావరణ పరిశోధనశాల 1998 నుంచి లేజర్ కిరణాన్ని ఆకాశంలోకి వదిలి, తిరిగొచ్చే వెలుగును బట్టి ఏ ఎత్తులో ఎంత ధూళి ఉందో చూస్తోంది.

ఇంతకీ తూకానికున్న అసలు చిక్కు ఇది. 2.5 మైక్రోమీటర్ల రేణువు ఒక్కటి, 0.1 మైక్రోమీటరు రేణువులు 15,625 కలిస్తే ఎంతో అంత బరువు. త్రాసు దృష్టిలో ఆ రెండూ సమానం. ఊపిరితిత్తులకు సమానం కాదు. సన్నవి లోలోపలి గాలి సంచులదాకా వెళ్లగలవు, కొన్ని రక్తంలోకీ చేరగలవు. డీజిల్ ఇంజిన్లు సంఖ్యలో ఎక్కువగా వదిలేవి ఇవే. పొగగొట్టంలో ఫిల్టర్ పెట్టాక వెలువడే మసి తూకానికి దొరకనంత తగ్గిపోయింది. అప్పుడు యూరప్ వాహన నిబంధనలు లెక్కపెట్టడంవైపు మళ్లాయి. మన దేశంలో 2020 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన బీఎస్-6 నిబంధనల ప్రకారం డీజిల్ కారు కిలోమీటరుకు 60,000 కోట్ల రేణువులు దాటకూడదు. వాటిని లెక్కపెట్టే యంత్రంలో నీటికి బదులు బ్యూటనాల్ ఆవిరి, భూతద్దానికి బదులు లేజర్ ఉంటాయి. మిగతాదంతా ఎయిట్‌కెన్ ఆలోచనే, రేణువును బొట్టుగా పెంచి లెక్కపెట్టడం. ఇంత సన్నటి కణాల్లో ఒక తరగతిని శాస్త్రవేత్తలు నేటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు.

కారు గొట్టానికి ఈ లెక్క ఉంది, మనం నిలబడే వీధికి లేదు. మన గాలి నాణ్యత సూచీలో ఎనిమిది కాలుష్యాలున్నాయి, రేణువుల సంఖ్య వాటిలో లేదు. కూడళ్లలోని బోర్డుల మీద వెలిగే ధూళి అంకెలు ఇంకా తూకానివే. అది మారాలని, కనీసం పెద్ద నగరాల్లో కొన్నిచోట్లయినా బస్‌స్టాండ్ల దగ్గర, బడుల దగ్గర లెక్కపెట్టే యంత్రాలు ఉండాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ అతిసూక్ష్మ కణాలకు పరిమితి పెట్టడానికి ఆధారాలు ఇంకా చాలవంది. అయినా కొలవడం మొదలుపెట్టమని దేశాలను కోరుతూ ఒక గుర్తు ఇచ్చింది: 24 గంటల సగటు ఘనపు సెంటీమీటరుకు 1,000 లోపైతే తక్కువ, 10,000 దాటితే ఎక్కువ. 1888 నాటి ఎయిట్‌కెన్ పట్టికలో అన్నిటికన్నా చిన్న అంకె, వానలో కడుక్కున్న గాలిది, 32,000.