ఒళ్లు చేయని బిడ్డ: పెరుగుదల చార్టుకు వ్యాఖ్యానం

అంగన్‌వాడీలో నెలనెలా బిడ్డను తూచి చార్టులో ఒక చుక్క పెడతారు. ఆ చుక్కలను చదవడం వస్తే, బిడ్డ చిక్కిపోయాక కాదు, చిక్కకముందే మేలుకోవచ్చు. ఆ చార్టు చుట్టూ వినిపించే మాటలు ఇవి.

పుట్టిన బరువు: రెండున్నర కిలోలు లేకపోతే తక్కువ బరువు కింద లెక్క. మొదటి వారంలో పదో వంతు దాకా తగ్గడం మామూలే. రెండు వారాలకల్లా ఆ బరువు తిరిగి రావాలి. రాకపోతే బిడ్డ రొమ్ము పట్టే తీరు చూడాలి. ఐదారు నెలలకు పుట్టిన బరువు రెట్టింపు, ఏడాదికి మూడింతలు అవుతుంది.

ప్రమాణ రేఖలు: ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో ఇచ్చినవి. ఆరు దేశాల పిల్లలను కొలిచి గీశారు, వారిలో ఢిల్లీ పిల్లలూ ఉన్నారు. తల్లిపాలు, తగిన తిండి, ఆరోగ్యం అందితే ఐదేళ్లలోపు పిల్లలు ఎక్కడైనా దాదాపు ఒకేలా ఎదుగుతారని తేలింది. ‘మన పిల్లలింతే’ అని సరిపెట్టుకోనక్కర్లేదు.

వయసుకు తగ్గ బరువు: ఆకుపచ్చ, పసుపు, నారింజ పట్టీలు చూపేది దీన్నే. లోటు ఉందని చెబుతుంది కానీ, బిడ్డ బక్కపలచగా ఉందా, పొట్టిగా ఉందా అన్నది చెప్పదు.

వయసుకు తగ్గ ఎత్తు: ఇది తక్కువైతే ఎదుగుదల చాలాకాలంగా కుంటుపడిందని అర్థం. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఐదేళ్లలోపు పిల్లల్లో ఇలాంటివారు తెలంగాణలో 33.1 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 31.2 శాతం.

ఎత్తుకు తగ్గ బరువు: ఇది బాగా తగ్గిందంటే ఈమధ్యే తిండి చాలలేదు, లేదా జబ్బు చేసింది. ఆరు నెలలు నిండిన బిడ్డకు జబ్బ చుట్టుకొలత 11.5 సెంటీమీటర్లకు తగ్గినా, రెండు పాదాల మీద నొక్కితే గుంటపడే వాపు ఉన్నా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. వాపు ఉన్నప్పుడు బరువు బాగానే ఉన్నట్టు కనబడుతుంది, దాన్ని నమ్మకూడదు.

గీత పోకడ: నెలనెలా పెట్టిన చుక్కలను కలిపే గీత ఇది. అసలు సంగతి ఇక్కడుంది. కింది రేఖ వెంటే క్రమంగా పైకి పోతున్న బిడ్డ ఆరోగ్యంగా ఉండవచ్చు. ఆకుపచ్చలోనే ఉన్నా రెండు మూడు నెలలుగా గీత అడ్డంగా సాగుతుంటే ఆందోళన పడాలి. ఒక్క తూకం ఏదీ తేల్చదు, వరుస తూకాలే తేలుస్తాయి.

కారణం: బరువు పెరగకపోవడం జబ్బు పేరు కాదు, వెతకమని చెప్పే గుర్తు. వెతకవలసిన చోట్లు మూడు. తినేది చాలడం లేదా: పాలలో నీళ్లు కలుపుతున్నారా, ఆరు నెలలు నిండినా అన్నం మొదలుపెట్టలేదా, పలచటి జావతోనే కడుపు నింపుతున్నారా? తిన్నది వంటబట్టడం లేదా: విరేచనాలు విడవకుండా ఉన్నాయా? ఒంటికి ఖర్చు పెరిగిందా: పాలు తాగుతూ చెమటలు పట్టి ఆయాసపడే బిడ్డకు గుండె లోపం ఉండవచ్చు, తగ్గని దగ్గు వెనుక క్షయ ఉండవచ్చు.

ఇంట్లో చాలామంది ముందుగా దిష్టి అంటారు, లేదా తల్లి పాలను తప్పుపడతారు. రెండూ విలువైన వారాలను తినేస్తాయి. వాటికి బదులు ఆరు నెలలు నిండిన బిడ్డకు తిండి పెంచాలి: చెంచాడు నెయ్యి వేసిన మెత్తటి పప్పన్నం, ఉడికించిన గుడ్డు వంటివి. రోజుకు మూడు నాలుగు సార్లు ఓపికగా తినిపించడం తండ్రి, నానమ్మ, అమ్మమ్మ కూడా పంచుకోవలసిన పని. అప్పటికీ వచ్చే తూకంలో గీత లేవకపోతే మరో నెల ఆగకండి. చార్టు పట్టుకుని పిల్లల డాక్టరు దగ్గరకు వెళ్లండి.