ఆరిన దీపం చెప్పని నిజం

అండమాన్‌లో చాథం రేవు నుంచి బాంబూఫ్లాట్ చేరడానికి రెండు దారులున్నాయి. ఒకటి పడవ మీద కొద్ది నిమిషాల ప్రయాణం. రెండోది సముద్రపు పాయ చుట్టూ తిరిగి వెళ్లే రోడ్డు. ఇప్పుడు ఇలా ఊహించండి. రెండు కొసల్లోనూ ఒక్కొక్క కాపలాదారు ఉన్నాడు. ప్రతివాడూ ఏదో ఒక దారినే తెరిచి ఉంచగలడు. ఇద్దరూ ఒకే దారి తెరిస్తేనే మీరు అవతలికి చేరగలరు. ఇద్దరిలో ఏ ఒక్కరు దారి మార్చినా పరిస్థితి తారుమారవుతుంది.

మెట్ల దీపాన్ని కింద వెలిగించి, పైకి వెళ్లాక ఆర్పే ఏర్పాటులోని కిటుకు ఇదే! కాపలాదారులు రెండు టూ-వే స్విచ్చిలు; దారులు వాటిని కలిపే రెండు తీగలు. మూడో చోటి నుంచి కూడా ఆర్పాలంటే, ఆ రెండు తీగల మధ్య వాటిని అటూ ఇటూ మార్చే ఇంటర్మీడియట్ స్విచ్చి పెడితే సరి.

1882లో ఎడిసన్ న్యూయార్క్‌లోని పెర్ల్ వీధి నుంచి విద్యుత్ సరఫరా ప్రారంభించాడు. ఆనాటి స్విచ్చిలను నెమ్మదిగా తీస్తే నిప్పురవ్వలు లేచేవి. 1884లో ఇంగ్లండుకు చెందిన జాన్ హెన్రీ హోమ్స్ చటుక్కున విడిపోయే స్విచ్చిని కనిపెట్టాడు. ఇళ్లలో స్విచ్చి వాడకానికి అది మేలు చేసింది.

ఆ తరువాత అమెరికాలో తీగ ఆదా చేసే మరో పద్ధతి వాడుకలోకి వచ్చింది. దాని పేరు కార్టర్ పద్ధతి. ఫేజు, న్యూట్రల్ తీగలు రెండూ ప్రతి స్విచ్చికీ వెళతాయి. ఒక స్విచ్చి ఫేజు మీద, మరొకటి న్యూట్రల్ మీద ఉంటే దీపం వెలుగుతుంది. రెండూ న్యూట్రల్ మీద ఉంటే ఆరుతుంది. మరి రెండూ ఫేజు మీద ఉంటే? అప్పుడూ ఆరుతుంది! కాని హోల్డరులోని రెండు కొసల్లోనూ విద్యుత్తు పొంచి ఉంటుంది. దీపం ఆరిందని నమ్మి బల్బు మార్చబోయినవాడి గతి ఏమిటి? అందుకే 1923లో అమెరికా విద్యుత్ నియమావళి ఆ పద్ధతిని నిషేధించింది. ఎర్త్ చేసిన న్యూట్రల్ తీగలో విడిగా స్విచ్చి పెట్టరాదని మన దేశంలో 1956 నాటి విద్యుత్ నియమాలూ శాసించాయి.

మంచి వైరింగులో ఫేజు తీగ మొదటి స్విచ్చికి వస్తుంది. అక్కడి నుంచి జంట తీగల గుండా రెండో స్విచ్చికి, ఆపైన బల్బుకు వెళుతుంది. న్యూట్రల్ నేరుగా బల్బుకే చేరుతుంది. అయినా ఒక చిక్కు మిగిలే ఉంది. దీపం ఆరి ఉన్నా జంట తీగల్లో ఒకదానిలో విద్యుత్తు ఉంటుంది. పైగా మామూలు స్విచ్చిలా దీని మీటను చూసి దీపం వేసి ఉందో, తీసి ఉందో చెప్పలేం.

బాంబూఫ్లాట్‌నే తీసుకోండి. ప్రధాన భూభాగపు గ్రిడ్‌తో సంబంధం లేని ఆ దీవులు ఎక్కువగా డీజిల్ జనరేటర్ల మీద ఆధారపడ్డాయి. 2003లో బాంబూఫ్లాట్‌లో 20 మెగావాట్ల డీజిల్ కేంద్రం వచ్చింది. అక్కడైనా, మీ ఊళ్లోనైనా కరెంటు పోయిన వేళ మెట్ల బల్బు మార్చబోతే, స్విచ్చి ఏ స్థితిలో ఉందో మీకెలా తెలుస్తుంది? కరెంటు ఏ క్షణంలోనైనా తిరిగి రావచ్చు. కనుక చీకటిని నమ్మకండి. ముందు మెయిన్ స్విచ్చి తీయండి. ఆ తరువాతే బల్బు మీద చెయ్యి వేయండి.